కారు సాకెట్ ఫ్యూజు ఊరికే కొట్టేస్తోంది, అదీ ఆదివారాలే. ఏం చూడాలి?

కావలి చిన్నోడు:

అందరికీ నమస్కారం. మాది కావలి, ఉద్యోగం నెల్లూరులో, రోజూ హైవే మీద పోనూ రానూ కారే. సంక్రాంతికి ముందు ఒక 2014 మోడల్ డీజిల్ బండి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇంజను, ఏసీ, బ్రేకులు అన్నీ బాగున్నాయి, ఆ విషయంలో అమ్మినాయన్ని ఏమీ అనలేను. గోలంతా గేరు రాడ్డు ముందు ఉండే 12 వోల్టుల సాకెట్‌తోనే.

దాని ఫ్యూజు ఊరికే పోతోంది. నీలం రంగుది, 15 ఆంపియర్లు. బండి కొన్నప్పటి నుంచి ఎనిమిది మార్చాను. స్టీరియోకి కూడా అదే ఫ్యూజు ఉన్నట్టుంది, అది పోయినప్పుడల్లా పాట కూడా ఆగిపోతుంది, ఇప్పుడు పాటకీ పాటకీ మధ్య కాస్త గ్యాప్ వచ్చినా నాకు టెన్షన్ మొదలవుతోంది. డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, సెల్లు లైటు నోట్లో పెట్టుకుని ఫ్యూజు పీకడంలో మాత్రం ఎక్స్‌పర్ట్ అయిపోయాను.

మొదటిసారి పోయినప్పుడు టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు పెట్టి ఉన్నాను. రెండో టైరు సగంలో ఉండగా ఆగింది. పంపు ఎక్కువ లాగిందేమోలే అనుకుని ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. అయినా పోతోంది. విచిత్రం ఏందంటే, నెల్లూరు పోయి వచ్చే ఆరు రోజులూ ఏమీ కాదు. ఆదివారం మా ఆవిడనూ పాపనూ ఎక్కించుకుని కలిగిరి పక్కన మా అత్తగారి ఊరికి బయల్దేరితే మాత్రం పోతూనో వస్తూనో ఠప్ మంటుంది. ప్రతి ఆదివారం కాదు గానీ పోయిందంటే మాత్రం ఆదివారమే. ఈ మాట ఇంట్లో అనే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. ఒకాయన మీటరు పెట్టి షార్ట్ ఏమీ లేదన్నాడు. ఇంకొకాయన 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు వేసుకో, ఇంక జన్మలో పోదు అన్నాడు. వేసుకోవచ్చా? లేకపోతే డ్యాష్‌బోర్డు విప్పించాలా? విప్పితే మళ్ళీ ఆ క్లిప్పులు సరిగ్గా కూర్చోవు, గతుకుల్లో కటకటలాడతాయి అని భయం.

బుల్లెట్ బాబాయ్:

వేసుకో బ్రదర్. మా బండికి 30 వేసి రెండేళ్ళు, ఒక్కసారి పోతే ఒట్టు. ఆదివారం సంగతి మాత్రం ఫ్యూజు తప్పు కాదు, అత్తగారింట్లో భోజనం ఎక్కువై బండి మీద లోడు పడుతోంది.

ఒంగోలు వైరింగ్:

బాబాయ్, మీకో దండం. తమ్ముడూ, ఆ పని చేయొద్దు. నేను ఇరవై ఏళ్ళుగా బండ్ల వైరింగే చేస్తున్నా, కార్లు తక్కువ, చీమకుర్తి నుంచి గ్రానైట్ తోలే లారీలు ఎక్కువ. ఫ్యూజు ఉండేది సెల్లు కోసం కాదు, ఛార్జరు కోసమూ కాదు, వైరు కోసం. ఫ్యూజు డబ్బా నుంచి సాకెట్ దాకా లోపల్లోపల పోయే వైరును ఆ 15కి తగ్గ మందంతోనే వేసి ఉంటారు. నువ్వు 30 పెట్టావనుకో, 25 ఆంపియర్లు పారినా ఫ్యూజు హాయిగా చూస్తూ కూర్చుంటుంది, వేడెక్కి కాలేది కార్పెట్ కింద వైరు. ఒకసారి ఒక డ్రైవరు ఫ్యూజు మాటిమాటికీ పోతోందని సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి పెట్టాడు. ఫ్యూజు పోలేదు, నిజమే. వైర్ల కట్ట మొత్తం కరిగి ఒకటే ముద్దయి బయటికొచ్చింది. పొగ చూడగానే బ్యాటరీ తీగ పీకేశాడు కాబట్టి లారీ దక్కింది.

ఇప్పుడు నీ బండి సంగతి. సెల్ ఛార్జరు ఎంత ఫాస్ట్ అయినా 36 వాట్లు అనుకో, 12తో భాగిస్తే 3 ఆంపియర్లు. 15 ఫ్యూజును 3 ఆంపియర్లు ఏం చేస్తాయి? కాబట్టి లోడు కాదు, ప్లస్ వైరు ఎక్కడో బండి ఇనప బాడీకి తగులుతోంది, ఆ బాడీయే మైనస్, షార్ట్ అంటే అదే. పంపు కథ వేరు. దాని మీద 150 వాట్లని రాసి ఉంటే పన్నెండున్నర ఆంపియర్లు, మోటారు మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ, టైరులో గాలి పెరిగేకొద్దీ ఇంకొంచెం, దానికి తోడు స్టీరియో కూడా అదే లైను మీద. ఫ్యూజు 15 దాటిన క్షణాన పోదు. కొంచెం దాటితే నిమిషాలు కూడా ఓర్చుకుంటుంది, అందుకే నీకు రెండో టైరు సగం దాకా వచ్చింది. రెట్టింపు అయితే సెకన్లలో పోతుంది. డైరెక్ట్ షార్ట్ అయితే నువ్వు చూసేలోపే పోతుంది. అంటే నీకు రెండు రకాలుగా ఫ్యూజులు పోయాయి, నువ్వు రెండూ ఒకటే అనుకుంటున్నావు.

పోయిన ఫ్యూజులు పారేశావా, ఉన్నాయా? ఉంటే వెలుగులో పెట్టి లోపలి తీగ చూడు. మధ్యలో నీటుగా కరిగి తెగి ఉంటే లోడు. ప్లాస్టిక్ లోపలంతా మసి పట్టి, వెండి చుక్కలు చిమ్మినట్టు ఉంటే షార్ట్. ఇంకో రెండు చెప్పు. పోయినప్పుడు సాకెట్‌లో ఏమైనా పెట్టి ఉందా, ఖాళీగా ఉందా? సరిగ్గా ఏ క్షణంలో పోతోంది, ప్లగ్గు పెట్టగానేనా, నడుస్తుండగానా?

కావలి చిన్నోడు:

అన్నా, పారేయలేదు, డోరు పక్క అరలో వేసి పెట్టాను. ఎనిమిదిట్లో రెండు మా పాప ఆడుకుంటూ ఎక్కడో పడేసింది. మిగతా ఆరు ఇప్పుడే చూశాను. ఒకటి మాత్రం మీరు చెప్పినట్టు మధ్యలో చిన్నగా తెగి ఉంది, అది పంపు రోజుదే అయి ఉండాలి. ఐదూ నల్లగా ఉన్నాయి, ఒకదాని ప్లాస్టిక్ కూడా గోధుమ రంగుకు తిరిగింది.

సాకెట్‌లో ఉండేది మా ఆవిడ ఛార్జరు. వారం రోజులు నేను ఒక్కడినే కదా, ఆఫీసులో ఛార్జింగ్ పెట్టుకుంటాను, బండిలో ఏమీ పెట్టను. ఆదివారం మాత్రం తను తన ఛార్జరు పెడుతుంది, దార్లో పాపకు వీడియోలు. అంటే అనుమానం ఆ ఛార్జరు మీదికే పోతోంది. బస్టాండు దగ్గర కొన్నది, పేరూ ఊరూ లేనిది. పోయేది మాత్రం నడుస్తుండగానే, ప్లగ్గు పెట్టగానే ఎప్పుడూ పోలేదు.

టీచరమ్మ, కందుకూరు:

మా ఊరు జిల్లా ఏదని మాత్రం అడక్కండి, 2022లో ప్రకాశం నుంచి నెల్లూరుకు మార్చారు, నా అడ్రసులో అప్పటి నుంచి గందరగోళమే.

నా కారులో మూడు నెలలు ఇదే తంతు. చివరికి దొరికింది ఏమిటో తెలుసా, చీర పిన్నీసు. సాకెట్ మూత ఎప్పుడో ఊడిపోయింది, స్కూలు దగ్గర దిగే హడావిడిలో కొంగు పిన్ను తీసి ఆ గుంటలో పడేశాను, గుర్తే లేదు. మామూలుగా అడుగున పడుకుని ఉండేది, బ్రేకు వేస్తే జరిగేది. అడుగున మధ్యలో ఉండే బొడిపె ప్లస్ అట, చుట్టూ ఉండే గొట్టం మైనస్ అట, పిన్ను ఆ రెంటికీ వంతెన వేస్తే అంతే. రూపాయి బిళ్ళ పడినా, మాత్రల రేకు ముక్క పడినా ఇదే జరుగుతుందని మా మెకానిక్ చెప్పాడు. చిన్న పిల్ల ఉన్న ఇల్లు కదా, ముందు టార్చి వేసి లోపల చూడండి. తీసేటప్పుడు తాళంచెవి తీసేసి, ఫ్యూజు కూడా పీకేసి తీయండి, ఇనప పట్టకారు లోపలికి దూర్చొద్దు. నేను అగరుబత్తి పుల్ల చివర కాస్త బబుల్‌గమ్ పెట్టి లాగాను, నవ్వకండి, వచ్చింది.

ఛార్జరును కూడా అనుమానించండి. ముందు కొసన చిన్న పిన్ను, దాని చుట్టూ తిప్పే రింగు ఉంటాయి. ఆ రింగు వదులైతే పిన్ను, స్ప్రింగు, లోపల ఫ్యూజు ఉంటే అది కూడా ఊడి సాకెట్‌లోనే ఉండిపోతాయి. ఛార్జరు బయటికి లాగినప్పుడు మూతి మొత్తం ఉందో లేదో చూడండి.

రొయ్యల చెరువు, ఉలవపాడు:

ఉలవపాడు అనగానే అందరూ మామిడికాయలు అడుగుతారు, మాది తీరం వైపు, మావన్నీ చెరువులు. ఉప్పు గాలికి మా బండ్ల సాకెట్లన్నీ లోపల పచ్చ చిలుము. కానీ నిజం చెప్పాలంటే చిలుము వల్ల ఫ్యూజు పోవడం నేను చూడలేదు, ప్లగ్గు వేడెక్కి మెత్తబడడం, ఛార్జింగ్ వచ్చీ రాకపోవడం, ఇవే ఎక్కువ. కావలి అయినా నువ్వు సముద్రం పక్కన లేవు కాబట్టి అది వదిలెయ్.

పంపు గురించి ఒక మాట. దాన్ని సాకెట్‌లో పెట్టడం మానెయ్. బ్యాటరీకి మొసలి క్లిప్పులతో పెట్టుకునే రకం తీసుకో, దాని వైరులో దానికి తగ్గ ఫ్యూజు ఉండేట్టు చూసుకో. అర్ధరాత్రి చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగాయని ఫోను వస్తే, చీకట్లో చెరువు గట్టు మీద టైరు దిగిపోయి ఉంటే, అప్పుడు ఫ్యూజు పోయిందని ఎవడికి చెప్పుకుంటావు.

ఎలుకలు కూడా చూడు. కోతలప్పుడు బండి కళ్ళం పక్కన ఆపితే రాత్రికి రాత్రి దూరతాయి.

కావలి చిన్నోడు:

టీచర్ గారూ, టార్చి వేసి చూశాను, పిన్ను లేదు, బిళ్ళ లేదు. ఒక జీడిపప్పు ముక్క, కాస్త దుమ్ము. ఛార్జరు మూతి కూడా బాగానే ఉంది.

నిన్న ఆదివారం. మీరందరూ చెప్పారని ఒక ప్రయోగం చేశాను. మా ఆవిడ ఛార్జరు ఇంట్లోనే పెట్టించి సాకెట్ ఖాళీగా ఉంచి బయల్దేరాం. కలిగిరి దాకా పాటలు బాగానే వచ్చాయి. అక్కడి నుంచి ఊళ్ళోకి తిరిగాక రోడ్డు సగం మట్టి సగం కంకర, బడి ముందర ఒక స్పీడ్‌బ్రేకరు ఉంటుంది, మనిషి మోకాలంత. సెకండ్‌లోకి మార్చి దాన్ని ఎక్కించానో లేదో పాట ఆగింది. ఫ్యూజు తీసి చూస్తే నల్లగా. తొమ్మిదోది.

మా ఆవిడ ఛార్జరు నిర్దోషి అని తేలింది. నిన్నటి నుంచి ఇంట్లో అదే వింటున్నాను.

ఒంగోలు వైరింగ్:

ఇప్పుడు దారికొచ్చింది. సాకెట్ ఖాళీ, అయినా పోయింది, అంటే నువ్వు పెట్టే సామానుకూ దీనికీ సంబంధం లేదు. ఆదివారానికీ సంబంధం లేదు తమ్ముడూ, రోడ్డుకు సంబంధం. హైవే నున్నగా ఉంటుంది, ఐదో గేరులో పోతావు. అత్తగారి ఊరి రోడ్డులో గతుకు, గేరు మార్పు రెండూ ఉన్నాయి. ఎక్కడో ఒక వైరు ఊగి ఇనుముకు తగులుతోంది, లేకపోతే గేరు కదిలినప్పుడు దేనికో నొక్కుకుంటోంది. మీటరు పెట్టిన మెకానిక్‌ది తప్పు కాదు, బండి నిలబడి ఉన్నప్పుడు షార్ట్ లేదు కాబట్టి మీటరు లేదనే చెబుతుంది.

ఇట్లాంటి దొంగ షార్ట్‌కు మేము వాడేది మీటరు కాదు, బల్బు. ఇండికేటరు బల్బు, 21 వాట్లది, లోపల తీగ ఉండే పాత రకం. హోల్డరుతో సహా కొను, రెండు వైర్లు కాస్త పొడుగ్గా పెట్టు, చివర్లు పోయిన ఫ్యూజు కాళ్ళకు ఒక్కొక్కటి గట్టిగా కలుపు. లోపల తీగ తెగిన ఫ్యూజే కాబట్టి కాళ్ళు రెండూ విడివిడిగా ఉంటాయి, పనికొస్తుంది, మీటరుతో ఒకసారి ఖాయం చేసుకో. దాన్ని ఫ్యూజు ఉండే చోట గుచ్చు. తాళంచెవి స్టీరియో ఆన్ అయ్యే దాకా తిప్పు, ఇంజను అక్కర్లేదు. స్టీరియో మాత్రం ఆఫ్‌లో ఉంచు, లేకపోతే దాని కరెంటు కూడా బల్బు గుండానే పోయి మసకగా వెలిగి నిన్ను తికమక పెడుతుంది.

ఇప్పుడు షార్ట్ లేకపోతే బల్బు వెలగదు. షార్ట్ అయిన క్షణంలో బల్బు ఫుల్లుగా వెలుగుతుంది. ఫ్యూజు పోదు, వైరు కాలదు, ఎందుకంటే ఎంత షార్ట్ అయినా ఆ బల్బు దాదాపు ఒకటిన్నర, రెండు ఆంపియర్లకు మించి పోనివ్వదు. పది ఫ్యూజులు పోగొట్టుకునే బదులు ఒక్క బల్బుతో ఎన్నిసార్లయినా షార్ట్ చేసి చూసుకోవచ్చు. బల్బు ముందు సీటు మీద కనపడేట్టు పెట్టి ఒక్కొక్కటే కదిలించు. సాకెట్‌ను వేలితో ఊపు, గేరు అన్నింట్లోకీ మార్చు, హ్యాండ్‌బ్రేకు ఎత్తి దించు, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పు, కన్సోల్ మీద అరచేత్తో తట్టు. ఎక్కడ తడితే బల్బు మెరుస్తుందో నీ దొంగ అక్కడే. ఏదీ విప్పకుండానే సగం పని అయిపోతుంది.

సిగరెట్ లైటరు రకం సాకెట్ అయితే అడుగున రెండు చిన్న రేకులు ఉంటాయి, అవి కూడా ప్లస్సే. పొడుగు మూతి ఛార్జర్లు వాటిని పక్కకు వంచేస్తాయి, వంగి గొట్టానికి తగిలితే షార్ట్. అది కూడా టార్చి వేసి చూడు.

తర్వాత విప్పాల్సి వస్తే ముందు బ్యాటరీ మైనస్ తీసి కొన్ని నిమిషాలు ఆగు. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు కనపడితే వాటి జోలికి పోవద్దు, మీటరు పుల్లలు అసలు పెట్టొద్దు, అవి ఎయిర్‌బ్యాగువి. ఈ ఒక్క విషయంలో ధైర్యం పనికిరాదు.

పొదిలి సీను:

అన్నా మధ్యలో వస్తున్నా, ఎల్ఈడీ బల్బు పెట్టొచ్చా? మా ఇంట్లో అదే ఉంది.

ఒంగోలు వైరింగ్:

వద్దు. ఎల్ఈడీ చిటికెడు కరెంటుకే వెలుగుతుంది, స్టీరియో గడియారం లాగే కరెంటుకు కూడా వెలిగి షార్ట్ ఉందనిపిస్తుంది. తీగ బల్బే కావాలి.

కావలి చిన్నోడు:

దొరికింది అన్నా!! కొంచెం పొడుగ్గా రాస్తా, ఏమీ అనుకోవద్దు.

నిన్న సాయంత్రం బల్బు, హోల్డరు తెచ్చి మీరు చెప్పినట్టే పాత ఫ్యూజు కాళ్ళకు కట్టాను. బల్బు పట్టుకుని మా ఆవిడ పక్క సీట్లో, వెనక సీట్లో పాప. సాకెట్ ఊపాను, ఏమీ లేదు. స్టీరింగ్, ఏమీ లేదు. హ్యాండ్‌బ్రేకు, ఏమీ లేదు. గేర్లు అన్నీ మార్చాను, ఏమీ లేదు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు రాయలేను. చివరికి విసుగొచ్చి గేరు సెకండ్‌లో ఉంచి కన్సోల్‌ను ఎడమ మోకాలితో ఒక్కటి పొడిచాను, బల్బు మెరిసింది. పాప చప్పట్లు కొట్టింది. మళ్ళీ పొడిచాను, మళ్ళీ మెరిసింది. ఫస్ట్‌లో పెట్టి పొడిస్తే లేదు, న్యూట్రల్లో లేదు, సెకండ్‌లోనూ ఫోర్త్‌లోనూ మాత్రం ఉంది. గేరు రాడ్డు వెనక్కి వచ్చే గేర్లు అన్నమాట.

ఇవాళ పొద్దున బ్యాటరీ మైనస్ తీసి, టీ తాగి వచ్చి, కన్సోల్ పక్క ప్లాస్టిక్ విప్పాను. రెండు స్క్రూలు, నాలుగు క్లిప్పులు, అంతే, ఒక క్లిప్పు విరిగింది, ఊహించినదే. లోపల సాకెట్ వెనక వచ్చే ప్లస్ వైరు మధ్యలో పైతొడుగు చెక్కేసి, దానికి ఇంకో సన్న ఎర్ర వైరు మెలేసి, నల్ల టేపు చుట్టారు. ఆ ఎర్ర వైరు జానెడు పొడుగు ఉండి కట్ చేసేసి ఉంది. ఆ చివర కూడా ఎప్పుడో టేపు చుట్టి ఉంటారు, ఈ ఎండలకు జిగురు కారిపోయి టేపు గొట్టంలాగా జారి పక్కకు వచ్చేసింది, రాగి తీగలు పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాయి. అది గేరు కేబుళ్ళ ఇనప బ్రాకెట్ పక్కనే వేలాడుతోంది. గేరు వెనక్కి వచ్చినప్పుడు కేబుల్ ఆ వైరును బ్రాకెట్ దగ్గరికి నెడుతోంది, పైన గతుకు పడితే తగులుతోంది. బ్రాకెట్ మీద చిన్న చిన్న నల్ల మచ్చలు, లెక్కపెట్టాను, ఏడు దాకా ఉన్నాయి.

ఆ వైరు దేనికో తెలుసా? బండి అమ్మినాయనకు ఫోను చేసి అడిగితే, మొదట గుర్తు లేదన్నాడు, తర్వాత ఆయనే నవ్వి చెప్పాడు. డ్యాష్‌బోర్డు మీద వెంకటేశ్వర స్వామి బొమ్మ, దాని చుట్టూ రంగులు మారే లైట్లు ఉండేవట. బండి అమ్మేటప్పుడు స్వామిని తీసి కొత్త బండికి మార్చుకున్నాడు, వైరును మాత్రం నాకు వదిలాడు. స్వామి ఆదివారం ఆదివారం పలకరించాడన్నమాట.

ఆ ఎర్ర వైరు మొదలంటా తీసేశాను. చెక్కిన చోట సోల్డరింగ్ అవసరం రాలేదు, తీగలు ఒక్కటీ తెగలేదు. వేడి చేస్తే ముడుచుకునే స్లీవు వేద్దామంటే సాకెట్ కనెక్టర్ ఊడదీయాలి, అది రాలేదు, అందుకని గుడ్డ టేపు చుట్టి రెండు చివర్లా ప్లాస్టిక్ ట్యాగ్ బిగించి, బ్రాకెట్‌కు దూరంగా వైర్ల కట్టతో కలిపి కట్టాను. ఇది చాలా అన్నా, లేక కనెక్టర్ ఊడదీసి స్లీవే వేయాలా? తర్వాత బల్బు పెట్టి అన్ని గేర్లలోనూ కన్సోల్‌ను పొడిచిందే పొడిచాను, మెరవలేదు. 15 ఫ్యూజు వేశాను.

టీచరమ్మ, కందుకూరు:

ఆ బ్రాకెట్ మీద మచ్చలు లెక్కపెట్టారు చూడండి, అది నాకు నచ్చింది. సాకెట్‌కు మూత కూడా ఒకటి కొనండి, జీడిపప్పు ఇవాళ, రూపాయి బిళ్ళ రేపు.

ఒంగోలు వైరింగ్:

గుడ్డ టేపు, ట్యాగ్ చాలు, పర్వాలేదు. ఆ నల్ల ప్లాస్టిక్ టేపే మన ఎండలకు పనికిరాదు, ఒంగోలులో ఎండాకాలం మధ్యాహ్నం బండి ఎండలో పెడితే డ్యాష్‌బోర్డు మీద చెయ్యి ఆనదు, లోపల జిగురు ఏం నిలుస్తుంది. నా దగ్గరికి వచ్చే షార్టుల్లో కంపెనీ వైరింగ్ తప్పు అరుదు, ఎప్పుడో ఎవరో స్టీరియోకో లైట్లకో కెమెరాకో మధ్యలో గిల్లి మెలేసిన జాయింట్లే ఎక్కువ. ఎవరైనా సెకండ్‌హ్యాండ్ బండి కొంటే ఫ్యూజు డబ్బా దగ్గర, స్టీరియో వెనక, సాకెట్ వెనక నల్ల టేపు ముడి ఉందేమో చూసుకోండి.

తమ్ముడూ, ఒకటి అడుగుతా. ప్లస్ తీసేశావు సరే, లైట్లకు మైనస్ కూడా ఉండాలి కదా, అదేమైంది?

బుల్లెట్ బాబాయ్:

నేను కూడా ఒక మాట ఒప్పుకోవాలి. ఇదంతా చదివాక నా బండి ఫ్యూజు డబ్బా మూత తిప్పి చూశా, సాకెట్‌కు 15 అనే రాసి ఉంది. 30 పీకి చూస్తే ఆ గుంట పక్కన ప్లాస్టిక్ కొంచెం ఉబ్బి ఉంది. మా ఇంట్లో వాళ్ళకు చెప్పలేదు. మా బండిలో కూడా డ్యాష్‌బోర్డు మీద సాయిబాబా లైటు ఉంది. ఒంగోలు అన్నా, శనివారం షాపు తెరిచే ఉంటుందా?

ఒంగోలు వైరింగ్:

ఉంటుంది. ఆ 30 మాత్రం ఇప్పుడే తీసేయండి, వచ్చేదాకా సాకెట్ లేకపోయినా ఏం కాదు.

కావలి చిన్నోడు:

అన్నా, మైనస్ గుర్తు చేశారు, మంచిదైంది. ఇప్పుడే మళ్ళీ పోయి చూశాను. స్టీరింగ్ కింద ఒక బోల్టుకు నల్ల వైరు చుట్టి ఉంది, అటు చివర దేనికీ లేదు. అది షార్ట్ చేయదులే గానీ పెడల్ దగ్గరికి వేలాడుతోంది, క్లచ్‌కు చుట్టుకుంటే అదో గోల. పీకేశాను.